రద్దుకాని తీర్మానం

ఎర్రగుంట్లలో ఏ కార్మిక సంఘం ఏ సంఘాన్ని తిట్టాలన్నా ముందు నా అచ్చాఫీసుకు రావాలి. సిమెంటు ఫ్యాక్టరీ గేటుకు ఎదురుగా అంగడి పెట్టుకున్నందుకు ఆ పైవాడు నాకు చూపించిన బతుకుతెరువు అది. పొద్దున పాతజెండావాళ్లు వచ్చి కొత్తజెండావాళ్లను ద్రోహులని కరపత్రం వేయించుకుంటే, సాయంత్రం కొత్తజెండావాళ్లు వచ్చి పాతజెండావాళ్లు అమ్ముడుపోయారని వేయించుకునేవాళ్లు. కాగితం అదే, సిరా అదే. రెండింటి అడుగునా ‘మహబూబ్ బాషా ప్రింటర్స్’ అని నా పేరే ఉండేది.

అట్లాంటిది, పోయిన చలికాలంలో ఆ రెండు జెండాలవాళ్లూ కలిసి ఒకే కరపత్రం వేయమని వచ్చారు. ఢిల్లీలో పెద్ద నాయకులు చేతులు కలిపారట. ముప్పై ఏళ్ల కింద రెండుగా చీలిన సమాఖ్య మళ్లీ ఒకటైపోయిందట. ఆదివారం ఐక్యతా సభ, కార్మికులంతా తరలిరావాలి. తడి ఆరని మొదటి కాపీని నా అంగడి బెంచీ మీద కూర్చున్న దావీదురాజు చేతికిచ్చాను. ఆయన ఒకప్పుడు ఆ ఫ్యాక్టరీలో హమాలీ. ఇప్పుడు పని లేదు. పొద్దున్నే వచ్చి ఆ బెంచీ మీద కూర్చుంటాడు, పొద్దుగూకేవేళకు ఇంటికి పోతాడు.

పెదవులు కదిలిస్తూ చదవడం ఆయన అలవాటు. అట్లాగే చదివి, కాగితాన్ని మడిచి, "బాషా, అట్లయితే ఆ తీర్మానం ఇంగ రద్దయినట్టేనా?" అని అడిగాడు.

"యా తీర్మానమప్పా?"

"ఉరుకుందుతో మాట్లాడగూడదని చేసింది."

నాకు ఒళ్లు మండింది. జాలి తర్వాత వచ్చింది గానీ ముందు వచ్చింది మంటే. ఆ తీర్మానం ఇంకా బతికి ఉందని ఈ భూమ్మీద నమ్ముతున్న మనిషి ఆయన ఒక్కడే.

దావీదురాజుది ఎర్రగుంట్ల పక్క పల్లె. తాతల నాటి నుంచి చర్చికి పోయే కుటుంబం. ఉన్న చెక్కనేల వాన పడితే పండేది, పడకపోతే లేదు. అందుకే ఫ్యాక్టరీ పెట్టగానే లోడింగులో చేరాడు. ఉరుకుందుది ఆలూరు దిక్కు. వరసపెట్టి కరువులు వచ్చిన కాలంలో మేస్త్రీ వెంట మూట కట్టుకుని ఇక్కడికి వచ్చాడు. మేస్త్రీ ఇద్దరినీ ఒక జోడీగా వేశాడు. సిమెంటు మూటను లారీలో వరుస పేర్చడం ఒక్కడి వల్ల అయ్యే పని కాదు. చెరొక కొసా పట్టుకుని, "హైసా" అని ఒకే ఊపిరిలో ఊపి వేయాలి. ఒకడు రవ్వంత వెనకబడితే నడుము పోయేది రెండోవాడిది. అందుకే హమాలీల్లో జోడీ కుదరడం పెళ్లి సంబంధం కుదరడం కంటే కష్టమనేవాళ్లు. వీళ్లిద్దరికీ మొదటి వారంలోనే కుదిరిపోయింది.

తిండీ కలిసే తినేవాళ్లు. ఉరుకుందుకు అప్పటికి పెళ్లి కాలేదు. దావీదురాజు భార్య విశ్వాసమ్మ ఇద్దరికీ చాలేట్టు క్యారియర్ కట్టేది. జొన్నరొట్టె, చెనక్కాయల ఊరిబిండి పచ్చడి, ఉన్ననాడు ఒక కోడిగుడ్డు. క్రిస్మస్ నాడు వాళ్లింట్లో మొదటి విస్తరి ఉరుకుందుకే పడేది. "తోడబుట్టినోళ్లు లేని మా ఆయనకు దేవుడు ఆలూరు నుంచి తమ్మున్ని పంపినాడు" అని ఆమె అందరికీ చెప్పుకునేది.

ఇక సంఘం సంగతి. అఖిల భారత శ్రామిక సమాఖ్య స్వాతంత్ర్యానికి ముందే నాగపూరు వైపు నూలుమిల్లుల్లో పుట్టిందని పాతవాళ్లు చెప్పేవాళ్లు. రైలుపట్టాల వెంబడి గుంతకల్లుకు వచ్చి, అక్కడి నుంచి మా ఫ్యాక్టరీ గేటు దాకా నడిచి వచ్చింది. ఒక కాలంలో సభ్యత్వ కార్డు జేబులో లేని హమాలీ ఎర్రగుంట్లలో లేడు. దావీదురాజైతే తన కార్డును బైబిల్లో పెట్టుకునేవాడు. "అస్సాంలో తేయాకు తెంపే ఆడమనిషీ, బొగ్గుగనిలో దిగేవోడూ, నేనూ ఒగే ఇంటోళ్లం బాషా. వాళ్ల మొగాలు నాకు తెలీవు, అయినా ఒగే ఇంటోళ్లం" అనేవాడు. ఆ మాట అనేటప్పుడు ఆయన ముఖం చూడాలి. కూలి పెరిగిన రోజున కూడా అంత వెలుగు ఉండేది కాదు.

మొదటి సమ్మె ఓడిపోయింది. గేటు ముందు నిలబడి సమ్మెకు చేతులెత్తినవాళ్లలో సగం మంది మరుసటి వారం వెనక గేటు నుంచి లోపలికి పోయారు. దావీదురాజు ఇంట్లో పిల్ల పస్తున్నా పోలేదు. ఎత్తిన చేతిని దించకూడదని అప్పుడు ఆయన మనసులో గట్టిగా పడిపోయింది. అది మంచిదే. మంచి గుణం కూడా హద్దు దాటితే మనిషిని తినేస్తుందని నేను ఆయన్ను చూసే తెలుసుకున్నాను.

సమాఖ్య చీలింది ఢిల్లీలో. ఏదో వేతన ఒప్పందం మీద సంతకం పెట్టాలని ఒక వర్గం, పెట్టకూడదని ఒక వర్గం. ఆంబోతుల పోట్లాటలో లేగదూడల కాళ్లు విరిగినట్టు, ఆ గొడవ జీపుల్లో ఎక్కి మా ఊరికి వచ్చింది. అది శ్రావణమాసం. ఉరుకుందు తన ఇంటిదేవుడైన ఉరుకుంద ఈరన్నస్వామి జాతరకు ఊరికి పోయి ఉన్నాడు. ఆయన లేని వారంలోనే మేస్త్రీ ఆలూరు దిక్కు కూలీలందరి పేర్లూ కొత్తజెండాలో రాయించేశాడు. ఆ వారంలోనే, పాతజెండా శాఖా కార్యదర్శి ఓబన్న తనవాళ్లను కూర్చోబెట్టి ఒక తీర్మానం చదివాడు. కొత్తజెండాలోకి పోయినవాళ్లతో మాట బంద్, మంచినీళ్లు బంద్, టీ బంద్. సమ్మతమైనవాళ్లు చేతులెత్తండి అన్నాడు. అందరూ ఎత్తారు. దావీదురాజూ ఎత్తాడు. ఉరుకుందు పేరు అటువైపు పడిందని ఆయనకు అప్పటికి తెలియదు.

జాతర నుంచి తిరిగొచ్చిన ఉరుకుందు పొద్దుపొద్దున్నే గేటు దగ్గర, "ఏమప్పా దావీదూ, బాగుండావా?" అని ఎదురొచ్చాడు. చొక్కా జేబులో మేస్త్రీ ఇచ్చిన కొత్త కార్డు కనబడుతోంది. దావీదురాజు ముఖం తిప్పుకున్నాడు. నేను అంగడి తలుపులు తీస్తూ చూశాను. ఉరుకుందు కాసేపు అక్కడే నిలబడి, ఏదో అర్థమైనట్టు తల వంచుకుని లోపలికి పోయాడు.

వారం తిరక్కముందే తీర్మానం టీ గ్లాసుల్లో కరిగిపోయింది. చదివిన ఓబన్నే కొత్తజెండా కార్యదర్శితో కలిసి మిరపకాయ బజ్జీలు తింటూ కనిపించాడు. ఒక్క దావీదురాజు మాత్రం పట్టిన పట్టు విడవలేదు. మేస్త్రీ జోడీని మార్చలేదు, ఎందుకంటే ఆ యార్డులో వాళ్లను మించిన జోడీ లేదు. మాట లేకుండా మూట ఎత్తబోయి మొదటిరోజే మూటను కాలి మీద వేసుకున్నారు. అప్పుడు దావీదురాజు కుంటుకుంటూ ఓబన్న దగ్గరికి పోయి, "హైసా అనేది మాట కిందికి వస్తాదా సార్?" అని అడిగాడు. పని కేక మాట కిందికి రాదని ఓబన్న నవ్వు బిగబట్టుకుని తీర్పు చెప్పాడు. ఇక ఆ తర్వాత ఏళ్ల తరబడి ఆ ఇద్దరి మధ్య నడిచింది ఆ ఒక్క కేకే.

విశ్వాసమ్మ కొన్నాళ్లు క్యారియర్ ఇద్దరికీ కడుతూనే వచ్చింది. సగం అన్నం తిరిగి ఇంటికి వస్తుంటే ఏడ్చింది, తిట్టింది, చివరికి ఒకరికే కట్టడం మొదలుపెట్టింది. దావీదురాజు ప్యాకింగు గోడ నీడన ఒక్కడే కూర్చుని తినేవాడు. ఉరుకుందు ఇంకో గోడ నీడన తినేవాడు.

"నోరు తెరిచి ఒగ మాట అంటే నీ నోటి ముత్యాలు రాలిపోతాయాప్పా?" అని నేను ఎన్నిసార్లు తిట్టానో.

"చేసింది సంఘం బాషా. సంఘమే రద్దు చెయ్యల్ల. నేనొగన్నే తీసేసేదానికి అదేమన్నా నా సొంత ఆస్తా?" అనేవాడు. ఓబన్నను అడిగితే, "వచ్చే అజెండాలో పెడదాంలే" అనేవాడు. ఆ వచ్చే అజెండా ఎన్నడూ రాలేదు. ఓబన్న చచ్చిపోయాడు. పర్మినెంటు పోయి కాంట్రాక్టు వచ్చింది, కాంట్రాక్టువాళ్లకు సంఘమంటే భయం. సభ్యులు రాలిపోయి శాఖ పేరుకే మిగిలింది. కరపత్రాల్లో మాత్రం సభ్యత్వం ఏటా లక్షల్లో పెరుగుతూనే ఉండేది. ఆ లక్షలను అచ్చువేసింది నేనే కాబట్టి వాటి బరువెంతో నాకు తెలుసు.

తర్వాత మూటలు ఎక్కించే యంత్రాలు వచ్చి హమాలీలను ఇంటికి పంపాయి. ఉరుకుందు తన భార్యతో, సామానుతో గుంతకల్లు బండి ఎక్కిన రోజు దావీదురాజు స్టేషనుకు పోయాడు. ప్లాట్‌ఫారం చివర నీళ్లకొళాయి దగ్గర నిలబడి బండి కనుమరుగయ్యేదాకా చూసి వచ్చాడట. ఆ సాయంత్రం నా బెంచీ మీద కూర్చుని చాలాసేపు ఏడ్చాడు. ఏడ్చే మగవాణ్ని ఓదార్చడం నాకు చేతకాదు. టీ తెప్పించాను, అది చల్లారిపోయింది.

అంతకంటే ఘోరం విశ్వాసమ్మ పోయినప్పుడు జరిగింది. కబురు ఎట్లా అందిందో గానీ, ఉరుకుందు ఆలూరు నుంచి వచ్చాడు. సమాధిలో పిడికెడు మన్ను వేసి, దావీదురాజు ఎదుటికి వచ్చి నిలబడ్డాడు. నేను వెనక నుంచి దావీదురాజు వీపు మీద వేలితో పొడిచాను. ఆయన పెదవులు కదిలాయి, శబ్దం రాలేదు. ఉరుకుందు చేతులు జోడించి వెళ్లిపోయాడు.

"నోటిదాకా వచ్చింది బాషా" అన్నాడు ఆయన మరుసటి రోజు. "వచ్చి ఆడనే ఆగిపాయ. నేనొగ పాపిష్టోన్ని."

ఆ తర్వాత ఇంట్లో మాట్లాడే మనిషి కూడా లేకుండా పోయింది. కూతురు క్రిస్టినా ప్రొద్దుటూరు నుంచి ఫోను చేస్తుంది, ఆయన ఊఁ, ఆఁ అంటాడు. చర్చిలో పాటలప్పుడు తప్ప గొంతెత్తడు. నా బెంచీ మీద కూర్చున్నా, నేను పనిలో ఉంటే, పొద్దంతా ఒక్క మాట మాట్లాడకుండా గడిచిన రోజులు ఉన్నాయి. బతికున్న స్నేహితుడు ఒకడు ఉన్నాడు, వాడితో మాట్లాడే హక్కు తనకు లేదని నమ్మి బతుకుతున్నాడు. ఇంతకంటే ఒంటరితనం ఇంకేం ఉంటుంది?

ఐక్యతా సభ నాడు షామియానా బాగానే వేశారు. కుర్చీలే నిండలేదు. కర్నూలు నుంచి జయకుమార్ అనే యువనాయకుడు వచ్చి, దేశంలోనే అతిపెద్ద కార్మిక శక్తిగా మనం అవతరించామని ఉపన్యసించాడు. ఎవరైనా మాట్లాడాలా అని అడిగేసరికి ముందు వరుసలో దావీదురాజు లేచాడు. ఇస్త్రీ చొక్కా వేసుకుని వచ్చాడు.

"అయ్యా, చీలిక అయినప్పుడు ఈడ శాఖలో ఒగ తీర్మానం చేసినారు. అవతలి జెండావోళ్లతో మాట్లాడగూడదని. దాన్ని ఇంతవరకూ రద్దు చెయ్యలేదు. దయచేసి చెయ్యల్ల."

జయకుమార్‌కు ఏమీ అర్థం కాలేదు. పక్కవాళ్లను చూశాడు. వాళ్లూ కొత్తవాళ్లే. ఎవరో కిసుక్కున నవ్వారు. నేను వెనక నుంచి గట్టిగా, "రద్దు చెయ్యండి సార్, ఒగ నిమిషం పని" అని అరిచాను. అరుపులో కోపం ఉన్నట్టుంది, నవ్వు ఆగిపోయింది. "సరే పెద్దాయనా, రద్దుకు అనుకూలమైనవాళ్లు చేతులెత్తండి" అన్నాడు జయకుమార్. ఉన్న నలుగురూ ఎత్తారు. సభ్యుణ్ని కాకపోయినా నేనూ ఎత్తాను. దావీదురాజు చెయ్యి అందరికంటే ఆలస్యంగా దిగింది.

మరుసటి రోజే బయలుదేరాం. నన్ను తోడు రమ్మన్నాడు. గుంతకల్లు దాకా రైలు, అక్కడి నుంచి ఆలూరు బస్సు. దారి పొడుగునా కిటికీలోంచి పత్తి కట్టెలు తీసేసిన చేలను చూస్తూ ఆయన పెదవులు కదిలిస్తూనే ఉన్నాడు. ఏమనాలో వల్లె వేసుకుంటున్నాడని నాకు అర్థమైంది. నాకూ పండగలాగే ఉంది. ఇన్నేళ్ల పీడ ఇవాళ విరగడవుతుందని సంబరపడ్డాను.

ఉరుకుందు ఇల్లు ఊరి మధ్యలో ఉంది. మట్టిమిద్దె, ముందు బండలు పరిచిన అరుగు. దాని మీద కూర్చుని చెనక్కాయలు ఒలుస్తున్న ముసలాయన మమ్మల్ని చూసి లేచాడు. ఒడిలోని కాయలన్నీ కింద పడ్డాయి.

"ఉరుకుందూ" అన్నాడు దావీదురాజు. "తీర్మానం రద్దయింది. ఇంగ మాట్లాడొచ్చు."

ఉరుకుందు ఆయన రెండు చేతులూ పట్టుకుని అరుగు మీద కూర్చోబెట్టాడు. ఇద్దరి కళ్లలోనూ నీళ్లు. ఉరుకుందు కళ్లు తుడుచుకుని, "యా తీర్మానమప్పా?" అన్నాడు.

దావీదురాజు చెప్పాడు. ఓబన్న చదివింది, చేతులెత్తింది, అజెండాలో పెట్టకపోయింది, నిన్న సభలో రద్దు చేసింది, అన్నీ చెప్పాడు. వింటున్నకొద్దీ ఉరుకుందు ముఖం మారిపోయింది.

"నాకు తెలీదప్పా. ఎవురూ చెప్పలే. మిగతా అందరూ నాతో మాట్లాడుతానే ఉండ్రి గదా. నేను ఇంగోటి అనుకుంటి."

తీర్మానం సంగతి ఆయనకూ తెలుసనే నేను ఇన్నేళ్లూ అనుకున్నాను.

"ఏమనుకుంటివి?" అన్నాడు దావీదురాజు.

ఉరుకుందు కింద పడిన కాయలను ఏరడం మొదలుపెట్టాడు. తలెత్తకుండానే చెప్పాడు. "ఆ జాతరకు ముందు నువ్వు అడిగితివి. ఈ తూరి నేనూ మీ ఊరికి వస్తా, మీ యమ్మను చూడల్ల అని. మళ్లీ మళ్లీ అడిగితివి. నేను నీకు చెప్పకుండా పొద్దు పుట్టకముందే బండెక్కితి."

"నేను అడిగితినా?" దావీదురాజు నుదురు ముడిపడింది. "నాకు గ్యాపకమే లేదే."

"నాకుంది. ఆడ ఫ్యాక్టరీలో మనం ఒగే గిన్నెలో తిన్న్యాం. మీ ఇంట్లో పండగ కూడు తిన్న్యా. ఈడికి నువ్వొస్తే మా యమ్మ నిన్ను అరుగు కింద కూర్చోమంటాది, యేరే గలాసులో నీళ్లిస్తాది. అమ్మతో కొట్లాడే ధైర్యం నాకు లేకపాయ. తిరిగొచ్చినాక నువ్వు మొగం తిప్పుకుంటివి. ఎవురో చెప్పినారు, తెలిసిపోయినాది అనుకుంటి. ఆ కోపం న్యాయమే గదప్పా? అందుకే యేనాడూ ఎందుకని అడగలే. వదిన మట్టికాడ గూడా, తిట్టినా పడల్ల అనే వచ్చింటి."

నేను దావీదురాజు వైపు చూశాను. ఆ సంగతి ఆయనకు తెలిసింది ఆ నిమిషంలోనే. ఆయన తాను కూర్చున్న అరుగును ఒకసారి చూసుకున్నాడు, అరచేత్తో దాన్ని తడిమాడు. కోపం రాలేదు. వస్తే బాగుండేది.

ఉరుకుందు భార్య ఈరమ్మ గడపలోకి వచ్చి, "బయటే ఉండారేమన్నా, లోపలికి రాండి. అన్నం వండుతాండా, తిని పోదురు" అంది. ఉరుకుందు ముఖం వికసించింది. దావీదురాజు చెయ్యి పట్టి లేపుతూ, "రాప్పా, లోపలికి రా. ఇప్పుడు అమ్మ లేదులే, ఎవురూ ఏమనరు" అన్నాడు.

ఆ మనిషి ఎంత ప్రేమగా అన్నాడో నాకు తెలుసు. అయినా ఆ మాట నా గుండెలోనే కలుక్కుమంది, ఇక దావీదురాజు సంగతి చెప్పాలా?

"రైలుకు పొద్దవుతాంది ఉరుకుందూ" అన్నాడు ఆయన మెల్లగా. "బాగుండు. ఆరోగ్యం చూసుకో." ఉరుకుందు వదల్లేదు. ఈరమ్మ బతిమాలింది. నేను కూడా తిని పోదామన్నాను. దావీదురాజు అందరికీ నవ్వుతూనే దండం పెట్టి వీధిలోకి దిగాడు. మలుపు తిరిగేటప్పుడు నేను వెనక్కి చూస్తే, ఉరుకుందు ఇంకా అరుగు మీదే నిలబడి ఉన్నాడు.

గుంతకల్లులో రైలెక్కాక కూడా ఆయన నోరు విప్పలేదు. తాడిపత్రి దగ్గర పడుతుంటే నాకు ఉండబట్టక, "ఏందప్పా, ఇంగ మాట్లాడొచ్చు గదా. అంతా తేలిపోయ, తప్పు నీది గాదని తెలిసిపోయ" అన్నాను.

ఆయన కిటికీ వైపే చూస్తూ చెప్పాడు.

"అదే బాషా. ఇన్నేండ్లూ తప్పు నాదే అనుకుంటాంటి. తప్పు నాదిగా ఉన్నన్ని దినాలూ వాడు నాకు మిగిలే ఉన్న్యాడు."